మౌస్ కాని పరికరం గురించి బావగారికి

బావగారికి సవినయంగా విన్నవించుకునేది.

మొన్న మా స్టూడియోకు దయచేసినప్పుడు, క్లిక్ కావడం లేదని జాలిపడి తాము బాగుచేయడానికి పట్టుకెళ్లిన వస్తువు మౌస్ కాదు. అది మానిటర్ రంగులు సరిచూసే పరికరం. దానికి క్లిక్ కావలసిన అవసరం లేదు.

అది లేకపోవడంతో తెర పసుపుకు తిరిగిన సంగతి నేను గమనించలేదు. ఆ పసుపును పెళ్ళి ఫోటోల్లోంచి శ్రద్ధగా తీసేశాను. ఆల్బమ్‌లో పెళ్ళికొడుకు నీలంగా అచ్చయ్యాడు.

"మా అల్లుణ్ణి నీళ్ళలోంచి తీశారా ఏంటయ్యా?" అన్నారు పెళ్ళికొడుకు మామగారు. ఈ సాయంత్రంలోగా సరిచేయకపోతే రెండో కూతురి పెళ్ళి వేరే స్టూడియోకు ఇస్తారట.

"మీ బావని ఏమీ అనకురా" అని అక్క ఆజ్ఞ. కనుక ఏమీ అనడం లేదు. ఇప్పటికే విప్పేసి ఉంటే ముక్కలతో సహా తక్షణం బయలుదేరండి. రంగు పోల్చుకోమని పెళ్ళికొడుకు స్వయంగా వచ్చి మానిటర్ పక్కన కూర్చున్నాడు. ప్రస్తుతం కోపంతో ఎర్రగా ఉన్నాడు.