బిగించని ఎర్త్ వైరు

మంగళవారం, పొదిలి

ఇవాళ పొద్దున మరియమ్మక్కకు తన కారం మిల్లులో షాక్ కొట్టింది. స్విచ్ వేయబోతూ ఇనుప పెట్టె మీద చెయ్యి ఆనిస్తే విసిరికొట్టిందట. ప్రాణం దక్కింది కానీ కుడి అరచెయ్యి కాలింది.

ఆ పెట్టె పెట్టింది నేనే. మెయిన్ బోర్డు నుంచి ఎర్త్ వైరు పెట్టెలోకి లాగాను కానీ, దాన్ని పెట్టె బాడీకి బోల్టుతో బిగించలేదు. వైరు ఇనుముకు తగిలేలా అక్కడ రంగు గీకి మరీ బిగించాలి. కనిగిరిలో ఇంకో పని ఉందని పెట్టె తలుపు మూసేసి వెళ్లిపోయాను. పోయిన నెల అక్క ఫోన్ చేసి, "పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటోంది తమ్ముడూ" అంది.

"చెప్పులేసుకో అక్కా, ఏం కాదు" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను!

ఇవాళ తెరిచి చూస్తే, మిషను అదురుకి ఒక వైరు తొడుగు అరిగిపోయి లోపలి రాగి పెట్టెకు తగులుతోంది. ఎర్త్ బిగించి ఉంటే ఎంసీబీ స్విచ్చు అప్పుడే దానంతటదే పడిపోయి కరెంటు ఆగిపోయేది. వైరు మార్చి, రంగు గీకి, ఎర్త్ బిగించాను. పది నిమిషాల పని. ఇంకా ఎవరెవరి పెట్టెలు ఇలా వదిలేశానో తలుచుకుంటే భయంగా ఉంది.

అక్క చేతికి కట్టుతో పక్కనే కూర్చుని చూస్తోంది. "తడి చేత్తో ముట్టుకున్నా తమ్ముడూ, తప్పు నాదే. పిలవగానే వచ్చావు, ప్రభువు నిన్ను చల్లగా చూడాలి" అంది.

"కాదక్కా..." అన్నాను. ఎర్త్ సంగతి చెప్పకుండానే పనిముట్లు సంచిలో సర్దుకున్నాను.

ఎడమచేత్తో టీ పోసి ఇచ్చింది. తాగి వచ్చేశాను.