తెరవని సూట్‌కేసు

బుధవారం రాత్రి

పొద్దుటి నుంచి కాలం కాని ముసురు. బస్టాండులో పోలీసులం, ఏజెన్సీ కొండల నుంచి వచ్చే బస్సుల్లో గంజాయి తనిఖీ చేశాం. మధ్యాహ్నం కొయ్యూరు బస్సు దిగిన ఒక కొండ ముసలమ్మ మూట విప్పించి, నా కింద పనిచేసే సింహాచలం చింతపండంతా తడినేల మీద పోయించాడు.

"మా మూటలే అవుపడతాయేటి బాబూ మీకు?" అంది ఆమె.

వెనకే సూట్‌కేసుతో ఇస్త్రీ చొక్కా మనిషి దిగాడు. "ఎల్లండి సార్" అని సింహాచలం దారిచ్చాడు. ఆ మనిషి మా తనిఖీని పరీక్షించడానికి పైనుంచి వచ్చిన ఆఫీసరు. అక్కడే సూట్‌కేసు తెరిచి, గంజాయిలా కట్టిన ఉత్తుత్తి పొట్లం చూపించాడు.

"మూటలే చూడమని నీకెవరు చెప్పారు?"

సింహాచలం నా వంక చూశాడు. వాడు చేరిన రోజున చెప్పింది నేనే.

"ఎవులూ సెప్పనేదండి" అన్నాడు.

నేను తర్వాతి బస్సు వైపు నడిచాను.

వాణ్ణి తీసేస్తారంటున్నారు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ చెరుకు నరకడమే వాడికి. రేపు ఆఫీసరు దగ్గరికి వెళ్లి చెప్పాలి. చెబితే నా ఉద్యోగం...

ముసలమ్మ చింతపండు ఏరుకుని చీకటి పడకముందే వెళ్లింది. సింహాచలం వాళ్ల ఊరు కోటవురట్లకి ఆఖరి బస్సులో వెళ్లిపోయాడు.