ఐదో ట్యాంకు పెట్టె

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. మీ బావ, పాప కులాసా. నేనూ కులాసాయే అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఫోన్ చేస్తే గొంతు వినగానే పట్టేస్తావు, అందుకే ఉత్తరం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాపకు ముందు పళ్ళు రెండు ఊడాయి. మీ బావకు నడుంనొప్పి తగ్గింది, సణుగుడు తగ్గలేదు. "నీళ్ళ ప్లాంటులో ఇంకా బొమ్మలే అతికిస్తున్నావా" అని వెక్కిరించావు కదా, అవును, బొమ్మలే. తెర మీద గడులు, గడికీ గడికీ మధ్య గీత. పంపు ఎప్పుడు తిరగాలో, క్లోరిన్ ఎంత పడాలో కంప్యూటరుకు చెప్పేది ఆ గడులే, గీత వెంట వేలు పెట్టుకుని పోతే తెలిసిపోతుంది. నీలా పేజీల కొద్దీ ప్రోగ్రాము అక్షరాలు చదివే ఓపిక నాకెక్కడిది?

కానీ ట్యాంకుకు నలభై గడులు, ఐదు ట్యాంకులకు రెండు వందలు. కళ్ళు తిరుగుతున్నాయిరా అని గోల పెడితే నువ్వే ఉపాయం చెప్పావు. "అక్కా, ఆ నలభై తీసేసి ఒక్క పెట్టె చెయ్. లోపల నేను పదిహేను లైన్ల ప్రోగ్రాము రాసిస్తా. అదే ఐదు చోట్లా పెట్టుకో. లోపలేముందో నీకు అక్కర్లేదు." పెట్టాను. తెర శుభ్రపడింది, సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. నేను మాత్రం స్టవ్ ఆర్పానో లేదో తెలియకుండా ఇంటికి తాళం వేసినదానిలా తిరిగాను.

నాలుగో రోజున ఐదో ట్యాంకు నీళ్ళు తాగి పదకొండు మంది గొంతు మంటతో ఆస్పత్రిలో చేరారు. అందరూ కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు, కంగారు పడకు. క్లోరిన్ రెండింతలు పడింది. ఇప్పుడు ఆ ట్యాంకు ఆపేశారు. సూపర్‌వైజర్ నన్ను తెర ముందు నిలబెట్టి "ఇందులో ఏముందమ్మా?" అన్నాడు. పాత గడులైతే చూపించేదాన్ని. "అది మా తమ్ముడు రాశాడండీ, నాకు తెలీదు" అనేశాను. నీ ఫోన్ నంబరు రాసుకున్నాడు.

రాసే ముందు నువ్వు ఒకటే అడిగావు, ట్యాంకులన్నీ ఒకే సైజా అని. "అన్నీ ఒకటేరా, రాసెయ్" అన్నాను. ఐదోది సగమే. పాత బొమ్మలో ఆ సంగతి ఓ మూల గడిలో అంకెగా ఉండేది. పన్నెండేళ్ళుగా కళ్ళ ముందే ఉండడంతో నేను గుర్తు పెట్టుకోలేదు. గడులు చెరిపినప్పుడు అదీ పోయింది. ఇది ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. నా ఉద్యోగం పోతుందని భయం. నీ ఉద్యోగం పర్మనెంటు కాకముందే నీ మీద మచ్చ పడుతుందని అంతకంటే భయం.

సోమవారం విచారణ. నీకు ఫోన్ చేస్తారట. ఈ ఉత్తరం శనివారానికే అందాలి. చిన్నప్పుడు నేను పగలగొట్టిన ప్రతి వస్తువుకూ "నేనే" అంటూ ముందుకొచ్చి దెబ్బలు తిన్నావు. ఇప్పుడూ అలాగే అంటావని సూపర్‌వైజర్‌కు నీ సంగతి చెప్పినప్పుడే నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే చెప్పాను తమ్ముడూ.

ఈసారి అనకు. సైజు తప్పు చెప్పింది మా అక్క అని చెప్పు. నీకంటే ముందు నేనే చెప్తాను.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నీ వెనక దాక్కున్న
అక్క