మూడు మార్కులు

చిన్నోడా,

కవరు మీద నా చేతిరాత చూడగానే చించేయాలనిపిస్తుందేమో. చదివాక చించు.

నిన్నటితో నా ఉద్యోగం అయిపోయింది. గోడ గడియారం ఇచ్చారు. ఇక్కడ ఇంజినీరింగ్ చెప్పిన మొదటి మహిళనని ప్రిన్సిపాల్ గారు మూడుసార్లు అన్నారు. చేరిన కొత్తలో ఆడవాళ్లకు గది లేక, గోదాములో సిమెంటు బస్తా మీద కూర్చుని క్యారేజీ విప్పుకున్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. పుస్తకంలో బొమ్మ చూసి దూలం గురించి వల్లించే పిల్లల చేత కాంక్రీటు కలిపించాను, దూలం పోయించాను, బరువు పెట్టి వాళ్ల చేతే విరగ్గొట్టించాను. "ఈవిడ మేస్త్రీ పని నేర్పుతోందయ్యా" అని నవ్వినవాళ్లే తర్వాత ఆ పాఠాన్ని అన్ని కాలేజీల్లోనూ పెట్టారు. పిల్లలు నన్ను స్కేలమ్మ అనేవారు. అందరికీ ఒకటే కొలత అని మురిసిపోయేదాన్ని.

అది అబద్ధం. పదకొండేళ్ల క్రితం నీ కొడుకు నా పేపర్లోనే మూడు మార్కులు తక్కువై తప్పాడు. నేను దిద్దిన అదే కట్టలో ఇంకో కుర్రాడికీ మూడే తక్కువ. పోనీలే పాపమని అతనికి కలిపాను. మనవాడికి కలపలేదు. పేపర్ల మీద పేర్లుండవు, నిజమే. కానీ అక్షరాలు దిద్దించినదాన్ని, వాడి రాత నాకు తెలియదా? మేనల్లుడికి మార్కులు వేసుకుందంటారని భయపడ్డాను. నా పేరు కోసం వాడి ఏడాది తీసుకున్నాను.

ఆ వారంలోనే నువ్వు స్టాఫ్‌రూముకు వచ్చావు. నువ్వు నోరు తెరవకముందే, అందరికీ వినబడేలా "మార్కుల సంగతైతే ఆఫీసులో అడగండి" అన్నాను. నిన్ను, 'అండి' అని. మళ్లీ నువ్వు నా గుమ్మం తొక్కలేదు.

ఇవాళ పొద్దున్నే తయారై, తాళం చేతిలో పట్టుకున్నాక గుర్తొచ్చింది, వెళ్లడానికి చోటు లేదని. చెప్పులు విప్పకుండానే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. క్షమించమని అడగను. నీకు తెలియాలని రాశాను.

నీ అక్క

* * *

అక్కా,

చించలేదు. రెండుసార్లు చదివాను. నీ మరదలు చదివి కళ్లు తుడుచుకుంది. వాడికీ ఇచ్చాను. మొత్తం చదివి మడత పెట్టాడు. "అన్యాయమే నాన్నా" అన్నాడు. నేను కాదనలేదు.

కానీ ఆ రోజు నేను మార్కుల కోసం రాలేదక్కా. వాడు మూడు రోజులుగా గదిలోంచి బయటికి రాలేదు, అన్నం ముట్టలేదు. "అత్తంటే వాడికి ప్రాణం, నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు" అని పిలవడానికి వచ్చాను. నువ్వు 'అండి' అనేసరికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాను. తర్వాత కోపానికి అలవాటు పడిపోయాను. అదే నా తప్పు.

వాడు మళ్లీ రాసి పాసయ్యాడు. ఇప్పుడు రోడ్ల కింద చిన్న చిన్న తూములు కట్టిస్తున్నాడు.

నిన్న ఉన్నట్టుండి "అత్త ఒక్కతే ఉంటోందా?" అన్నాడు. అవునన్నాను. చొక్కా తగిలించుకుని బస్సు వేళలు కనుక్కోవడానికి వెళ్లాడు. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. నిన్ను నాలుగు మాటలు గట్టిగానే అంటాడేమో. మధ్యలో ఆపకు.

నీ చిన్నోడు