టార్పాలిన్ నదిలో తెడ్డు వేయలేనని మనవి

మా నది పేరు పెట్టుకున్న కొత్త యుద్ధనౌక కెప్టెన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరిని పడవలో నది దాటించు బాధ్యత నుండి నన్ను తప్పించుట గురించి.

నేను ఈ ఊరి రేవులో పడవ నడిపినవాడను. మా నాన్నదీ ఇదే పని. నా కూతురు తమ ఓడలో, యంత్రాల గదిలో పనిచేయుచున్నది. తోటివారు ఆమెను పడవపిల్ల అని పిలుతురని విన్నాను. సదరు పడవపిల్ల తండ్రినైన నేను సిగ్గు విడిచి, కాదు, సిగ్గుతోనే విన్నవించుకొనునది ఏమనగా:

1. నదుల పేర్లు గల ఓడలలో ఒక ఆనవాయితీ ఉన్నదనియు, తొలి ప్రయాణమునకు ముందు సిబ్బంది అంతా తమ నది వద్దకు వెళ్లి, ఆ రేవు పడవలోనే అవతలి ఒడ్డుకు దాటవలెననియు తమ కార్యాలయము నుండి మా పురపాలక సంఘమునకు వర్తమానము వచ్చినది. దాటించు పని నాకు అప్పగించిరి. కొత్త చొక్కా కూడా కుట్టించిరి.

2. సదరు నదిలో నీరు లేదు. ఎగువన ఆనకట్ట కట్టిన తరువాత వానలప్పుడు నాలుగు రోజులు పారును, ఆపై అంతా ఇసుకయే. అందులోనూ సగం లారీలు ఎత్తుకుపోయినవి. నా పడవను ఏనాడో పెరట్లో బోర్లించితిని, మొన్నటి వరకు దాని కింద కోడి పొదుగుచుండెను. ఈ సంగతి తమకు ఎవరూ చెప్పలేదు. వచ్చిన గౌరవము చేజారునేమోనని సంఘము వారు నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

3. సంఘము వారు రేవు దగ్గర పెద్ద గొయ్యి తవ్వించి, అడుగున టార్పాలిన్ పరచి, ట్యాంకర్లతో నీళ్లు పోయించి, నా పడవను అందులో దింపిరి. ఫొటోలు ఒక పక్క నుండి మాత్రమే తీయవలెనట. మరి అవతలి ఒడ్డు సంగతేమిటని అడుగగా, "మధ్యలోనే ఉపన్యాసం పెట్టించేస్తాం పెద్దాయనా, ఆ తర్వాత దాటే ఓపిక ఎవరికుంటుంది?" అని సంఘము కార్యదర్శి గారు సెలవిచ్చిరి. నిన్న నాచేత సాధన చేయించిరి. పడవ ముందు భాగం ఒక గట్టుకు ఆనితే వెనక భాగం ఇంకో గట్టుకు ఆనుచున్నది. కార్యదర్శి గారు గొడుగు వేసుకొని నిలబడి, "ఇంకాస్త బలంగా వెయ్యి! ఏటికి ఎదురెళ్తున్నట్టుండాలి!" అని కేకలు. నేను వేశాను. అయ్యా, సిగ్గుతో చచ్చిపోయాను.

4. అట్లయిన ఎందుకు ఒప్పుకొంటివని తమరు అడుగవచ్చును. ఫోనులో నా కూతురు ఏడ్చినది. "మన నది నిండుగా ఉంటుందని, నువ్వు వరదలో కూడా దాటిస్తావని అందరికీ చెప్పేశాను నాన్నా. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఒక్క పూట ఎలాగోలా నెట్టుకురా" అన్నది. ఆమె చెప్పినది అబద్ధము కాదు. ఆమె చిన్నప్పుడు అది నిజమే. కావున ఆమెపై ఎట్టి చర్యయు తీసుకొనరాదని ప్రార్థన.

5. సాధన ముగియు వేళకు మా వీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి గట్టు మీద నిలబడిరి. గొయ్యిలో పోసినవి మా వీధికి రావలసిన ట్యాంకర్లని నాకు అప్పుడే తెలిసింది. ఎవరూ గొడవ చేయలేదు. చేసినా బాగుండేది. మా పక్కింటి ఆవిడ మాత్రం వంగి, నెమ్మదిగా, "అన్నయ్యా, నీ పడవకు అడ్డం రాకుండా ఒక్క బిందె ముంచుకోనా?" అని అడిగింది. నన్ను అనుమతి అడిగిందయ్యా! జన్మంతా నీళ్ల మీద బతికినవాణ్ణి. నా పడవ కింది నీళ్ల కోసం ఇరుగుపొరుగు నన్ను బతిమాలుకోవలసి వచ్చింది. తెడ్డు పక్కన పెట్టేశాను. ఆవిడ మొహం చూడలేక తల వంచుకునే అందరి బిందెలూ ముంచి అందించాను. అప్పటి నుండి కార్యదర్శి గారు నాతో మాట్లాడుట లేదు.

కావున తమరు దయతో నన్ను ఆ పూటకు తప్పించి, గొయ్యిలో మిగిలిన నీటిని మా వీధికి వదలమని సంఘము వారికి ఒక మాట చెప్పవలసినదిగా కోరుచున్నాను. ఓడ పేరు మార్చమని కూడా రాద్దామనుకొంటిని. చేయి రాలేదు. ఆ పేరు గలది ఏదో ఒకటి నీళ్ల మీద ఉండనివ్వండి.

నా రాతలో తప్పులున్నచో, తల వంచుకొని రాసినవాని తప్పులుగా ఎంచి చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు,
పడవపిల్ల తండ్రి

తా.క.: ఇది పోస్టు చేసేముందు నా కూతురికి ఫోనులో చదివి వినిపించాను. తన సంగతి ఉన్న నాలుగో అంశం దగ్గర ఆగి, "ఇది కొట్టెయ్యనా తల్లీ?" అన్నాను. "వద్దు, ఉంచు. ఇది చేరేలోపు నేనే వెళ్లి కెప్టెన్ గారికి చెప్పేస్తా" అంది. మళ్లీ తనే, "మా ఓడవాళ్లను ఇసుకలో నడిపించే దాటిద్దాం నాన్నా. బూట్లు చేత్తో పట్టుకుని వస్తారు. ముందు నువ్వు నడువు, నీ వెనకే నేనుంటా" అంది. నాకు సిగ్గయితే ఇంకా పోలేదు. తమరు వచ్చేటట్టయితే పొద్దున్నే రండి, ఎండెక్కితే ఇసుక కాలుతుంది.