క్యారియర్ లేని సైకిల్

తెనాలి, 2006 జూన్, ఆదివారం రాత్రి

కరీంకి కొత్త సైకిల్ కొన్నాం. సంతోషించాల్సిన రోజే.

షాపులో రెండు చూశాం. ఒకదానికి ముందు మాత్రమే షాకబ్జార్బర్, రెండోదానికి వెనక కూడా. నేను మొదటిదే తీసుకోమన్నాను. తొక్కడం తేలిక, పాడైతే ఏ వీధిలోనైనా బాగుచేస్తారు. వాడు రెండోదాని హ్యాండిల్ వదల్లేదు. పదిహేనేళ్ల పిల్లాడు కదా, సోకు అనుకున్నాను.

"దీనికి వెనక క్యారియర్ బిగించడం కుదరదమ్మా," అన్నాడు షాపాయన. "షాక్ కిందకి దిగినప్పుడల్లా చక్రానికి తగులుద్ది."

"విన్నావా? మరి పుస్తకాలెక్కడ పెడతావురా?" అన్నాను.

"వీపుకి తగిలించుకుంటాలే అమ్మీ." నా వైపు చూడకుండానే అన్నాడు. "క్యారియర్ ఉంటే చెల్లి కూర్చున్నట్టే ఉంటది. తిరిగి చూస్తన్నా."

రెండోదే కొన్నాం.

షబానా పోయి ఏడాది కావస్తోంది. రోజూ దాన్ని వెనక కూర్చోబెట్టుకుని స్కూలుకి తీసుకెళ్లింది వీడే. ఈ ఏడాదంతా వాడు ఆ పాత సైకిల్ మీద ఒక్కడే వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి జాగ్రత్త అని చెప్పి పంపాను. రేపల్లె రోడ్డులో, అన్ని బస్సుల మధ్య, వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లాడా ఇన్నాళ్లూ...

పాత సైకిల్ వరండాలోనే ఉంది. చెల్లికి ఇనుము గుచ్చుకోకుండా వాడు క్యారియర్‌కి మడిచి కట్టిన నా చీరముక్క ఇంకా అలాగే ఉంది. ఇందాక విప్పేద్దామని వెళ్లాను. ముడి వదులైనట్టు కనిపిస్తే, మళ్లీ బిగించి వచ్చాను.