బొత్తాల పిన్ని ముక్కు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది, గొణుగుడే తగ్గలేదు. నువ్వు పంపిన కళ్ళద్దాలు సరిపోయాయి, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది. మీ వార్డులో మూడో మంచం రోగి ఎంత నొక్కినా గంట మోగడం లేదని, తోటి నర్సులెవరూ పట్టించుకోవడం లేదని, నేను చెప్పినట్టే నువ్వూ ఊరుకున్నావని రాశావు. దానికి జవాబు చివర రాస్తాను.

మా కుట్టు హాలులో నిప్పంటుకుందని మామయ్య చెబితే కంగారుపడ్డావట. పోయిన నెల ఒక మధ్యాహ్నం నలభై మిషన్లూ ఆడుతుండగా మాడు వాసన వచ్చింది. అందరూ తలెత్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మళ్ళీ తలలు దించుకుని కుట్టుకున్నారు.

అప్పుడు లేచింది మా బొత్తాల పిన్ని. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు, వేళ్ళతో తడిమి బొత్తాలు సైజుల వారీగా వేరు చేస్తుంది. ఒళ్ళో డబ్బా పక్కన పెట్టి, "ఏదో అంటుకుందర్రా. మీకెవరికీ ముక్కులు లేవా ఏంటి?" అంటూ గోడ పట్టుకుని తలుపు వైపు నడిచింది. ఆవిడ వెనక ఒకరు, ఆ ఒకరి వెనక పదిమంది. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. చివరి మనిషి మెట్లు దిగేసరికి గుడ్డల గది కిటికీలోంచి మంటలు బయటికొచ్చాయి. ఒక్కరికీ ఏమీ కాలేదు.

కూర్చున్నదీ వాళ్ళే, లేచిందీ వాళ్ళే, వాసన కూడా అదే. "అందరూ కుట్టుకుంటుంటే ఒక్కదానివే ఎలా లేచావు పిన్నీ?" అని అడిగాను.

"మిషన్ల చప్పుడు వింటూనే ఉన్నా. మొహాలు కనబడవు కదే. చేతులు ఆడుతున్నా లోపల మీరూ నాలాగే భయపడుతున్నారనుకున్నా" అంది.

మీ నాన్నకి కూడా చెప్పని మాట ఒకటుంది. నా మిషను ఆ గుడ్డల గది పక్కనే. వాసన అందరికంటే ముందు నాకే వచ్చింది. లేవబోయి చుట్టూ చూశాను, ఎవరూ కదల్లేదు, నేనూ కుట్టుకుంటూ కూర్చున్నాను. మర్నాడు ఎదుటి మిషను పిల్ల, "నీ మొహమే చూశానక్కా. ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నదానివి, నువ్వే కదల్లేదంటే ఏమీ లేదులే అనుకున్నా" అంది. రెండు రోజులు అన్నం సహించలేదు.

అందరూ ఊరుకుంటే నీకెందుకులే అని నేను రాసిన ఉత్తరం చించి పారెయ్యి. వెళ్ళి ఆ గంట సంగతి పెద్ద నర్సుకి చెప్పు. కొత్తదాన్ని, నన్నెవరు చూస్తారులే అనుకోకు. వాళ్ళంతా నీ మొహమే చూస్తున్నారమ్మా.

ఇట్లు,
ఆ రోజు ముందుగా లేవాల్సిన
మీ అమ్మ